లారీకెక్కిన గెజెట్లు

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ ఉద్యోగం నాకే ఇచ్చారు. చింతామణి లైబ్రరీలో నువ్వు చెదలు పట్టకుండా కాపాడుకున్న పాత సర్కారు గెజెట్లన్నీ పొద్దున చిత్తు కాగితాల కింద తూకానికి పోయాయి.

"అన్నీ కంప్యూటర్‌లో ఉండాయి కదమ్మా," అన్నాడు పై అధికారి. వెతికి చూపించాను, మన తాలూకావి ఒక్కటీ లేవు. బతిమాలాను.

"వాటిని ఎవరు అడుగుతాండారులే," అంటూ లారీకి ఎక్కించాడు.

మధ్యాహ్నం బట్లహళ్ళి నుంచి ఒక ముసలామె వచ్చింది. ఆమె పొలాన్ని చెరువు కోసం సర్కారు తీసుకున్నట్టు అచ్చయిన గెజెట్ కోర్టులో చూపాలట.

"మీ నాయన ఒకసారి చదివి వినిపించినాడమ్మా. యాడ ఉండాది?" అంది.

ఖాళీ బీరువా తెరిచాను. ఆమె నమ్మలేక అరల్లోకి చెయ్యి పెట్టి, మూలమూలా తడుముతూ ఉండిపోయింది.