బటన్ లేని గొంతు

జూన్ 3

వికీ సాఫ్ట్‌వేర్ ఎట్టకేలకు అప్‌గ్రేడ్ చేశాను. ఏడాదిగా వాయిదా వేస్తున్న పని. చేయగానే పేజీల వేషం, అదే స్కిన్, మారిపోయింది. మెనూ కుడివైపుకు గెంతింది, బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, దాదాపు ప్రతి పేజీ అడుగునా ఒక ఖాళీ పెట్టె తేలింది. అదేమిటో వెతికే ఓపిక లేదు. ఖాళీ పెట్టెలేవీ కనబడకూడదని, పేజీల రంగులూ అమరికా చూసే స్టైల్‌షీట్‌లో ఒక లైను రాసి పారేశాను. ఇప్పుడు పేజీ కడిగిన ముత్యంలా ఉంది.

ఈ కుట్టుమిషన్ల వికీ అన్నయ్యది. పాత మిషన్లు బాగుచేసేవాడు. ఎవరూ తయారుచేయడం మానేసిన మోడళ్లకు కూడా ఒక్కో పేజీ రాసి పెట్టాడు. రాత తనది, రంగులూ అమరికా నావి. చలికాలంలో తన దుకాణం ముందే రోడ్డు దాటుతూ లారీ కింద పడి పోయాడు. అప్పటినుంచి రెండూ నావే.

జూన్ 5

తప్పుల మాస్టారి దగ్గర్నుంచి మెయిల్. ఆయన రిటైరైన టీచరు. మా వికీలో అక్షర దోషాలు ఏరడం ఆయన కాలక్షేపం. ఈసారి దోషం అక్షరాల్లో కాదట. దారం బిగువు గురించిన పేజీ చదువుతుంటే ఎవరో మగమనిషి ‘వదులు చెయ్యండి, ఇంకొంచెం’ అన్నాడట. ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు కాబట్టి లేచి వంటింట్లో కూడా చూసి వచ్చారట. ఎక్కడ ఆపాలో చెప్పమని అడిగారు.

మీ బ్రౌజర్‌లో ఇంకేదో ట్యాబ్ తెరిచి ఉంటుందని జవాబిచ్చాను.

జూన్ 6

ఇంకో ఇద్దరు రాశారు. మగ గొంతు. ఆపడానికి బటన్ లేదు.

జూన్ 8, మధ్యాహ్నం

విన్నాను.

ఆఫీసులో భోజనం అయ్యాక నల్ల చేతిమిషన్ పేజీ తెరిచాను. ఏమీ లేదు. మాస్టారికి చాదస్తం ముదిరిందనుకుని, పేజీ మూసేముందు ఊరికే తెల్లటి జాగాలో క్లిక్ చేశాను. హెడ్‌ఫోన్స్‌లో గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత, చెవి పక్కనే:

“చక్రం చేత్తో తిప్పండి. బలవంతం చెయ్యొద్దు. మిషన్ మొండికేసిందని మీరూ మొండికేస్తే పని జరగదు.”

అన్నయ్య. ‘జరగదు’ అనేటప్పుడు చివర్లో చిన్నగా నవ్వు.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. అందులోంచి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, చీమంత గొంతుతో. ఎదుటి సీటు అమ్మాయి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఏసీ ఎక్కువగా ఉందని చెప్పాను.

జూన్ 9

స్టైల్‌షీట్ ఆపేసి చూశాను. పేజీ అడుగున బూడిదరంగు ప్లేయర్ ప్రత్యక్షమైంది. ఎవరో బయటి కంపెనీ విడ్జెట్. అన్నయ్యే తెచ్చి దాదాపు ప్రతి పేజీలోనూ అతికించాడు. పాత వెర్షన్ బయటి ప్రోగ్రాములను, అదే స్క్రిప్టులను, రానిచ్చేది కాదు, అందుకే ఎన్నడూ మోగలేదు. నా అప్‌గ్రేడ్ తలుపు తీసింది. స్క్రిప్టు వచ్చి నింపినా పేజీ లెక్కలో ఆ పెట్టె ఖాళీయే కాబట్టి, నా లైను దాన్ని దాచేసింది. పేజీ మీద ఎక్కడ తాకినా మొదలవుతుంది. కనబడదు కాబట్టి ఎవరూ ఆపలేరు.

అంతా అర్థమైంది. అయినా ఇంకో పేజీ తెరిచి, తెల్లటి జాగాలో క్లిక్ చేశాను.

ఇంత చదివి పెట్టి, జనం వింటున్నారనే అనుకుని ఉంటాడు. నాతో ఒక్క మాట అనలేదు.

జూన్ 10

విడ్జెట్ పీకేయమని మాస్టారు ఫోన్ చేశారు. పోయిన మనిషి గొంతు అలా చెప్పాపెట్టకుండా జనం మీద పడకూడదని ఆయన వాదన. కాదనలేకపోయాను.

పీకేసేముందు ఆ కంపెనీ సైటు చూశాను. ఉచిత ఖాతాలన్నీ ఈ నెలాఖరుకు మూసేస్తారట. అందులో దాచినవన్నీ పోతాయి. అన్నయ్య పాస్‌వర్డ్ నాకు తెలియదు. పేజీలో మోగినప్పుడు రికార్డు చేసి పట్టుకోవడమొక్కటే దారి. పేజీలను మాత్రం ఇప్పటికి జనానికి కనబడకుండా చేశాను.

వదినకు చెప్పాలా? దుకాణం వైపు తలెత్తి చూడడం లేదు తను. షట్టర్ ఆ రోజు దించింది దించినట్టే ఉంది. దశదినాలు కాకముందే ఎదుటి మందుల షాపాయన వచ్చి, మీ ఆయన లారీ వైపు తల తిప్పాడమ్మా, చూసి మరీ అడుగేశాడు అని చెప్పి వెళ్లాడట. ఆ పొద్దున ఇద్దరికీ మాటామాటా వచ్చింది. వదిన ఆ రెండూ కలిపి ముడేసుకుంది. ఒక్కసారే, గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా అంది: “చూసి మరీ వెళ్లారు. నా నోటికి భయపడి వెళ్లారు.”

జూన్ 14

ఒక్కొక్కటీ పట్టి దాస్తున్నాను. ఫైలు పూర్తిగా రావాలంటే చివరిదాకా మోగాలి. చివరిదాకా వినాలి.

మొదట్లోవి తన పేజీని ఉన్నదున్నట్టు చదివినవి. కామా దగ్గర కూడా ఆగుతాడు, బడిపిల్లాడిలా. పోనుపోను చదవడం మానేశాడు. తోచింది చెప్పుకుపోతున్నాడు. పేజీలో లేనివి, పేజీ కన్నా మంచివి. ఒకదాంట్లో దుకాణానికి వచ్చినావిడ చేత మిషన్ పలక మీది నంబరు చదివించుకున్నాడు. ఆవిడ చదివింది. మళ్లీ చదవమన్నాడు.

ఇంకోదాంట్లో సూదికి దారం ఎక్కిస్తున్నాడు. చాలాసేపు మాట లేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది. తర్వాత నవ్వాడు.

“ఎడమవైపు నుంచి ఈ బెజ్జం నాకు కనబడదు. మీకు కనబడుతుందిలెండి, ఎక్కించుకోండి.”

జూన్ 15

లారీ ఎడమవైపు నుంచి వచ్చింది.

జూన్ 17

ఇవాళ్టి ఫైలులో పాఠం అయిపోయినా రికార్డింగ్ ఆపలేదు, మరిచిపోయినట్టున్నాడు. గిరాకీ ఎవరో అడిగారు, కళ్ల డాక్టరుకు చూపించుకోరాదా అని. చూపించానన్నాడు. ఎడమ కన్ను పోయినట్టేనట. రెండోదీ మసకబారుతోందట, ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారట. ఇంట్లో చెప్పలేదన్నాడు. చెబితే మా ఆవిడ దుకాణం మూయించి కూర్చోబెడుతుంది, కూర్చుంటే నేను బతకను అన్నాడు. రాసే ఓపిక పోయినా నోరుంది కదా, తెలిసింది వాగి పెడుతున్నా అన్నాడు. ఆ తర్వాత మిషన్ చప్పుడు, అవతల ఏదో బండి, అంతే.

మందుల షాపాయన అబద్ధం చెప్పలేదు. అన్నయ్య తల తిప్పాడు. చూశాడు. కనబడలేదు.

జూన్ 18, ఆదివారం

లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వదిన దగ్గరికి వెళ్లాను. తను ఆరిన బట్టలు మడతపెడుతోంది. అన్నయ్య గొంతు ఉంది, వింటావా అని అడిగాను. మడత ఆపలేదు. పెట్టమంది.

సూది బెజ్జం ఫైలు పెట్టాను, తర్వాత గిరాకీది. రెండోది అయ్యేసరికి దిండుగలీబు తన చేతుల్లో అలాగే ఉంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండు అనిపించింది నాకు.

ఇది వికీలో మోగుతోందని చెబితే, జనం దీన్ని ఎక్కడ ఆపుతారని అడిగింది. బటన్ నేనే దాచేశానని చెప్పాను. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. అది అయ్యాక అంది:

“ఆ పొద్దున కాఫీ గ్లాసు తన్నేశారు. ఎడం చేతి పక్కనే పెట్టాను. కళ్లు నెత్తికెక్కాయా అన్నాను.”

లాప్‌టాప్ మూత దించాను.

“అవునేమో అని నవ్వారు. వెటకారం అనుకున్నాను.”

నేను తెచ్చింది ఓదార్పు అనుకుంటూ వచ్చాను దారంతా. కావాలని వెళ్లలేదు వదినా, నిన్ను వదిలిపోవాలని కాదు అని చెప్పాను. తెలిసిందంది. నేను లేచేటప్పుడు గలీబు మడతపెట్టింది. గడప దగ్గర అడిగింది, అన్నీ ఉన్నాయా, ఏదైనా మిగిలిందా అని. జిగ్‌జాగ్ మిషన్ పేజీకి మాత్రం గొంతు లేదని చెప్పాను. అక్కడిదాకా రాలేదన్నమాట, అంది.

జూన్ 22

స్టైల్‌షీట్‌లో ఆ లైను తీసేశాను. విడ్జెట్ పీకేసి ఫైళ్లన్నీ మన సర్వర్‌లోకే మార్చాను. ప్లేయర్ ఇప్పుడు పేజీ పైనే ఉంటుంది, అరచేయంత బటన్‌తో. నొక్కితే మోగుతుంది, నొక్కితే ఆగుతుంది. ఆటోప్లే లేదు. పేజీలు మళ్లీ తెరిచాను.

మాస్టారికి చెప్పాను. బటన్ మీద ‘వినండి’ పక్కన ఒక ఖాళీ జాగా ఎక్కువైందని తప్పు పట్టారు. గంట తర్వాత ఇంకో మెయిల్: అన్నీ వినడం మొదలుపెట్టారట, ఆయన దగ్గర మిషనే లేదట.

జూన్ 25

వదిన దుకాణం షట్టర్ తీసిందని వాళ్ల పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పింది. లోపలే కూర్చుందట. దుమ్ము కూడా దులపలేదట. నేను వెళ్లలేదు.

జూన్ 30

కంపెనీ సైటు తెరుచుకోవడం లేదు. మన పేజీలో అన్నయ్య మాట్లాడుతున్నాడు.

జూలై 9

వదిన ఫోన్ నుంచి ఒక ఫైలు వచ్చింది, కింద మాటేమీ లేదు. జిగ్‌జాగ్ మిషన్. తన గొంతే. పేజీ చదువుతోంది, తడబడుతూ. సూది పక్కకు జరిగే చోటికి వచ్చేసరికి ఆగింది. చాలాసేపు. తర్వాత మెల్లగా, పక్కనున్న మనిషితో అన్నట్టు అంది: “అలాగా? అది ఇక్కడ రాయలేదే. సరే, మీరు చెప్పినట్టే చెబుతాను.”

ఆ తర్వాత తను చెప్పింది పేజీలో ఎక్కడా లేదు. మాస్టారు ఒక మెకానిక్‌ను అడిగి కనుక్కున్నారు. సరైనదే.

ఆ నిశ్శబ్దాన్ని వాల్యూమ్ చివరిదాకా పెంచి విన్నాను. కత్తిరించకుండానే పేజీలో పెట్టాను.