కసరత్తు గది తెరిపించమని

బూర్గంపాడు మండలం నుంచి,
ఆగస్టు 2007

డాక్టరు గారికి నమస్కారం.

మోకాళ్ల నొప్పులు ఎవరికీ తగ్గలేదని మా ముసలివాళ్ల కసరత్తు క్లాసు ఆపించారు. తగ్గనప్పుడు రోజూ ఎందుకొస్తున్నారని ఆనాడు మీరు అడిగారు. ఇప్పుడు చెబుతున్నాం.

మేమంతా ఒంటరిగా ఉండే ఆడవాళ్లం. ఎవరైనా క్లాసుకు రాకపోతే, అది అయిపోగానే మిగతావాళ్లం వెళ్లి తలుపు కొట్టేవాళ్లం. అందుకే వచ్చేవాళ్లం.

గదికి తాళం వేసిన పొద్దున వాన పడుతోంది. కాసేపు బయట నిలబడి ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోయాం. జంపక్క రాలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆమె బీడీల తునికాకు కోసి, మేకలు కాసి బతికే మనిషి. ఊరి చివర గుడిసెలో అప్పటికే జారిపడి, తుంటి విరిగి, లేవలేక ఉంది. మేకలు ఎంతకీ అరుపు ఆపకపోతే, చాలా ఆలస్యంగా, అటుగా పోతున్న మా క్లాసు వనజ తలుపు తోసి చూసింది.

భద్రాచలం దవాఖానాకు ఆటోలో తీసుకుపోతుంటే జంపక్క తల నా ఒళ్లో ఉంది.

"క్లాసు కాంగనే మీరొస్తరని చూసిన. గింత లేటైందేందే?" అని అడిగింది.



"వాన పడ్డది అక్కా" అన్నాను.

"అవ్, పడ్డది" అంది. గోదావరి బ్రిడ్జి దాటకముందే పోయింది.

దయచేసి గది తెరిపించండి. టీచరును పంపకపోయినా సరే, మేమే చేసుకుంటాం. మాలో ఎవరు రాలేదో తెల్లారగానే తెలిసే చోటు మాకు అదొక్కటే.

ఇట్లు,
క్లాసు ఆడవాళ్ల తరఫున