సాంచాలు ఆగిన పూట

భివండి, పద్మనగర్.

అమ్మకు,

ప్రభువు నామమున షాలేమ్ చేయు వందనములు. ఇక్కడ నేను, బాపు, నువ్వు పెట్టివెళ్ళిన మామిడి తొక్కులో అడుగున మిగిలిన నూనె క్షేమం. అక్కడ నువ్వు, అక్క, బావ, నిన్న భూమ్మీదికి దిగిన చిన్న దొరసాని క్షేమమని తలుస్తాను. "చేత్తో రాసి ఫోటో తీసి పంపు, దాచుకుంట" అన్నావు గనుక బీకాం చదివిన ఈ చేతిని శ్రమ పెడుతున్నాను.

అడిగావు గనుక చెబుతున్నా, బాపు తింటున్నాడు. వంట నాది కాబట్టి ప్రార్థన కాస్త పొడుగ్గా చేసుకుని తింటున్నాడు. బీపీ గోళీ మరవడం లేదు. అక్క విషయంలో మాత్రం పాత జబ్బే. చెప్పకుండా డచ్చి పిల్లగాణ్ణి పెళ్ళాడిందన్న కోపం పోలేదు. అక్క ఫోన్ చేస్తే, "సాంచాల చప్పుడుల ఏం వినబడ్తలేదు" అని పెట్టేస్తాడు.

నీ ఉత్తరం పొద్దున కార్ఖానాలోనే, ఆ మరమగ్గాల చప్పుడు మీద గొంతు చించుకుని చదివాను. అక్క ఉండే ఆ డచ్చి ఊళ్ళో ఒకప్పుడు ఇంటింటికీ మగ్గం ఉండేదంటే బాపు తెగిన పోగు ముడేస్తూ తల ఎత్తలేదు. చివరి మగ్గాన్ని చర్చి పక్కన అద్దాల గదిలో పెట్టారంటే "పాపం" అన్నాడు. ఆడపిల్ల పుడితే ఇరుగుపొరుగు వచ్చి గులాబి రంగు సోంపు చల్లిన రొట్టెలు తింటారంటే నవ్వు దాచుకున్నాడు. గాలిమర దగ్గర మాత్రం మళ్ళీ చదవమన్నాడు. ఊళ్ళో చావైతే గాలిమరను, తిరిగే రెక్క పైకొస దాటాక ఆపుతారని, శుభమైతే దాటకముందే ఆపుతారని, మన పాప కోసం పొరుగు ముసలాయన నిన్న అట్లాగే ఆపాడని మళ్ళీ చదివాను.

బాపు లేచి మన నాలుగు సాంచాలూ బంద్ చేశాడు.

పట్టపగలు సాంచాలు ఆగితే మన గల్లీలో అర్థం ఒక్కటే కదా. పక్క కార్ఖానా బుచ్చిరాములు మామ తనవీ ఆపేసి, తలమీది రుమాలు తీసి చేత పట్టుకుని వచ్చాడు. వెనకే ఎదురింటి శాంతాబాయి, ఏడవడానికి సిద్ధంగా.

"ఎవలు వోయిన్రు, దాసూ?" అని బాపును అడిగాడు మామ.

"ఎవలు పోలే. ఒకతె వచ్చింది," అన్నాడు బాపు. "నా మనుమరాలు. ఆళ్ళ ఊర్ల గిట్లనే ఆపుతరట."

శాంతాబాయి తెచ్చిన ఏడుపు వెనక్కి తీసుకుపోవడం ఇష్టంలేక అక్కడే ఏడ్చేసింది.

ఇదంతా నీకు రాయొద్దని బాపు ఆజ్ఞ. తండ్రిని సన్మానించే పని రేపు పెట్టుకుని ఇవాళ తల్లిని సన్మానిస్తున్నాను.

ఎందుకంటే అమ్మా, పొద్దు వాలినా సాంచాలు నడవలేదు. బాపు వాటి మధ్యన స్టూలు వేసుకుని, ఫోను మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇక నడిపిద్దామా అని అడిగితే ఫోను మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: "ఆగు. నడిస్తే పసిపిల్ల ఏడుపు వినబడది."

అక్కకు చెప్పు.

ఇట్లు,
నీ కొడుకు, నిన్నటి నుంచి ఒకరికి మేనమామ,
షాలేమ్