ప్రార్థన పెట్టెలో ఒక్క మాట

జూన్ 1, ఆదివారం

ఆరాధన అయ్యాక ప్రార్థన పెట్టె విప్పాను. తొమ్మిది పడ్డాయి. ఎనిమిది మామూలువే. మోకాళ్ల నొప్పి, పరీక్షలు, తాగుడు మానని మొగుడు. తొమ్మిదోది చీటీ కూడా కాదు. గోరంత అట్టముక్క. దాని మీద అచ్చులో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. కోల్డ్.

ఎవరు కోల్డ్? ఏది కోల్డ్? సంతకం లేదు. చేతిరాత పట్టుబడకుండా ఎక్కడిదో అచ్చుమాట కత్తిరించి వేశారు. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే.

టైరు షాపు మీది ఈ హాల్లో పదకొండేళ్లుగా వాక్యం చెబుతూ గొంతు చించుకుంటున్నవాణ్ణి. ఆరు రోజులు వెల్డింగ్ షాపులో చేతిలో నిప్పు. ఏడో రోజు నోట్లో నిప్పు. నన్నా కోల్డ్ అనేది?

జూన్ 3, మధ్యాహ్నం, షాపులో

డిక్షనరీ తీశాను. పాత ఇనుముతో పాటు వచ్చిన అట్టల్లేని పుస్తకం. నా కాలేజీ అదే. మొదటి అర్థం అందరికీ తెలిసిందే, దాటేశాను. అసలు విషం కిందనే ఉంటుంది. ప్రేమ లేని. జాలి లేని. ఉత్సాహం చచ్చిన. కోల్డ్ షోల్డర్ అంటే మొహం తిప్పుకోవడం. కోల్డ్ ఫీట్ అంటే తీరా సమయానికి వెనకాడటం. చిట్టచివరిది చూసి నవ్వొచ్చింది. పిల్లలు వస్తువు దాచి వెతికించే ఆటలో, వెతికేవాడు దానికి దూరంగా పోతుంటే కోల్డ్, కోల్డ్ అని అరుస్తారట.

మాట పుట్టుక కూడా ఇచ్చాడు డిక్షనరీవాడు. వెయ్యేళ్లకు పైబడిన మాట. కోల్డ్, కూల్, చిల్ ఒకే వేరు పిల్లలు. జెల్లీ కూడా ఆ ఇంటి చుట్టమేనట. గడ్డకట్టడం వాళ్ల వంశగుణం. అందులో కూల్ ఒక్కడే బాగుపడ్డాడు, కుర్రాళ్లు ఏది నచ్చినా కూల్ అంటారు. అన్నగారు కోల్డ్‌కి మాత్రం చెడ్డపేరు వదల్లేదు.

మన చల్లదనం అట్లాంటిది కాదు. చల్లగా ఉండమంటే దీవెన. కాపురం చల్లగా, కడుపు చల్లగా. గిన్నెడు చన్నీళ్లిచ్చినవాడికి కూడా ప్రతిఫలం ఉందని ప్రభువే చెప్పాడు. అయితే "చల్లగా జారుకున్నాడు" అనేదీ మనమే. ఈ ముక్క వేసినవాడు ఆ బాపతు.

మా సంఘం సెక్రటరీ మాస్టారే అయి ఉంటాడు. రిటైరయిన ఇంగ్లీషు మాస్టారు. పట్టా ఉన్న బోధకుణ్ణి తెచ్చుకుందామని ఇప్పటికి రెండుసార్లన్నాడు. ఇరవై తొమ్మిదిన పెద్దల మీటింగ్. నాలో వేడి తగ్గిందని ముందుగా పుకారు నాటుతున్నాడు.

జూన్ 8, ఆదివారం

మళ్లీ పడింది. అదే సైజు. అదే మాట.

జూన్ 12

మాస్టారు దారిలో కనపడి బాగున్నారా అని నవ్వాడు. ఎందుకు నవ్వినట్టు?

జూన్ 15, ఆదివారం, సాయంత్రం నాలుగు

ప్రకటన గ్రంథంలోని నులివెచ్చని సంఘం మీద ప్రసంగించాను. నిజానికి అక్కడ ప్రభువు చల్లనివాణ్ణి ఏమీ అనలేదు. అటూ ఇటూ కానివాణ్ణే ఉమ్మేస్తానన్నాడు. ఆ సంగతి చప్పుడు చేయకుండా దాటేశాను. మనసు చల్లారినవాడు ఈ గదిలోనే ఉన్నాడని బల్ల గుద్దాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మాస్టారు కాలరు సర్దుకున్నాడు. చాలు నాకు.

మా ఆవిడ ఒకటే దగ్గు. మొదటి వరసలో, సరిగ్గా కొత్త ఏసీ కింద, శాలువా కప్పుకుని. నాకు చెమటలు పడుతున్నాయని సంఘమే పెట్టించిన ఏసీ అది. పద్దెనిమిదిలో ఉండాల్సిందే. ఆ కుర్చీ బోధకుడి భార్యది, మారడం బాగుండదు. చలి తట్టుకోలేకపోతున్నానండీ అని ఇంటి దగ్గర మూడు వారాలుగా గొణుగుతోంది. మండే కొలిమిలో ముగ్గురు భక్తులు నిలబడ్డారు, నువ్వు ఏసీకి నిలబడలేవా అన్నాను. ఇవాళ దగ్గుతో నా మాటకు అడ్డం పడుతుంటే అందరి ముందే ఉరిమి చూశాను.

పెట్టెలో మూడో ముక్క. మెట్ల మీద మాస్టారి మొహం ముందు పెట్టి, ఇది మీ ఇంగ్లీషే కదా అని అడిగాను. ఏమిటిది అన్నాడు. నాటకాలాడొద్దన్నాను. యాభై మంది చూస్తున్నారు. హాలు తాళాలు నా చేతిలో పెట్టి, భార్యను తీసుకుని వెళ్లిపోయాడు.

గెలిచాను.

జూన్ 18

మా ఆవిడకు జ్వరం నూట మూడు. ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము అన్నాడు డాక్టరు. ఇన్నాళ్లూ ఏం మందు వాడారని అడిగాడు. మొగుణ్ణి నేను, నాకు తెలియదు. ఆమె చేతిసంచి వెతికాను. జలుబు, దగ్గు బిళ్లల డబ్బాలు మూడు. మూడింటికీ ఒకే చోట చిన్న కిటికీ, కత్తెరతో కోసినట్టు. బైబిల్లో దాచిన ముక్క తీసి ఆ కిటికీలో పెట్టాను. అతికినట్టు సరిపోయింది.

నువ్వా అన్నాను. నేనే అంది. చలికి ఇంగ్లీషులో ఏమంటారని మందుల షాపతన్ని అడిగిందట. నీ చేతిలో డబ్బా మీదే ఉంది కదమ్మా అని వేలు పెట్టి చూపించాడట.

నాతో చెప్పొచ్చు కదా అని నోరు జారాను. తెలుగులో చెబితే వాక్యంతో నోరు మూయిస్తారు, ఇంగ్లీషయితే డిక్షనరీ తీస్తారు, తీస్తే మొదటి అర్థమే కదండీ ముందు కనపడేది అంది. నా మాట వినకపోయినా పెట్టెలో పడింది చదువుతారు కదా అని కూడా అంది. మిగతాది దగ్గు మింగేసింది.

జూన్ 20

మాస్టారింటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టాడు. తప్పు నాదన్నాను, జరిగిందంతా చెప్పాను. మిమ్మల్ని ఇంగ్లీషులో తిట్టాలంటే పేజీ నింపుతాను గానీ ఒక్క మాటతో వదుల్తానా అన్నాడు. పట్టా ఉన్న బోధకుడి మాట మాత్రం వెనక్కి తీసుకోనన్నాడు. సరే అన్నాను.

తర్వాత, ఇంతకీ చెల్లెమ్మకు ఏ రోజు నుంచి బాగాలేదని అడిగాడు.



జూన్ 22, ఆదివారం

ఏసీ వేయలేదు. చెమటకు పేజీలు అతుక్కుపోయాయి. పది నిమిషాలే మాట్లాడాను. ఆమె ఇంకా ఆస్పత్రి మంచం మీదే. మొదటి కుర్చీ ఖాళీ.

పెట్టెలో ఏడు చీటీలు. అట్టముక్క లేదు. అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికాను.