కోకో చెట్టు మీది నీళ్లు

చర్చికి తూర్పున రెండు వందల మీటర్లు, పచ్చ గేటు ఇల్లు,
సారపికి ఊరు.

ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ డాన్ ఎవెలియో గారికి,

డెంగీ దోమలు పెరుగుతున్నాయి, ఇంటి చుట్టూ ఎక్కడా నీళ్లు నిలవకూడదని మీరు చెప్పి వెళ్లారు. డబ్బాలు, కోళ్ల తొట్టి అన్నీ బోర్లించాను. తర్వాత నిచ్చెన వేసుకుని, కోకో చెట్టు కొమ్మల మీద పెరిగే అనాస జాతి మొక్కల ఆకుల మధ్య నీళ్లు కూడా చెంచాతో తోడేశాను. ఇరవై మూడు మొక్కలండీ. "రేపు ఆవు కళ్లు కూడా తుడుస్తావా ఏంటే?" అని పక్కింటి నిదియా నవ్వింది.

ఈ ఏడు వాన ముఖం చాటేసింది కదా, వారానికే ఆకులు వడిలిపోయాయి. వేళ్ల మీద బకెట్లు గుమ్మరించినా తేరుకోలేదు. ఒకదానికి ఆకుల నడుమ పోసి చూశాను. మర్నాటికి నిటారుగా నిలబడింది. అంటే వేళ్లు కొమ్మను పట్టుకోవడానికేనా, దాహం తీర్చుకునేది ఆకులతోనా? ఇన్నేళ్లుగా ఈ చెట్టు కిందే బట్టలు ఆరేస్తున్నాను, నాకు తెలియనే లేదు.

నిన్న పొద్దున బొటనవేలి గోరంత ఎర్ర కప్ప, వీపు మీద తోకకప్ప పిల్లను మోసుకుంటూ చెట్టు పైకి పాకింది. ఒక మొక్కలోకి దిగింది, ఎండిపోయి ఉంది. పక్కదాంట్లోనూ అంతే. అలా ఏడు వెతికింది. ఎనిమిదోది నేను నీళ్లు పోసింది. పిల్లను అక్కడ దింపి వెళ్లింది.

గురువారం మీరు తనిఖీకి వస్తారట. ఇప్పుడు ఇరవై మూడింట్లోనూ నీళ్లున్నాయి, నేనే పోశాను. నా పేరు రాసుకునే ముందు ఒక్కసారి నిచ్చెనెక్కి చూడండి. చూశాక కూడా తోడెయ్యాల్సిందేనంటే, చెంచా అక్కడే కొమ్మకి తగిలించి ఉంచాను. ఈసారి మీరే తోడండి.