నా పేజీ నేను కుదించను

ప్రశ్నలు–జవాబుల ఆఫీసులో నోటీసులు పంపే నాయనకి,

బట్టలు కుట్టే పెద్దమ్మ ఆశీస్సులు.

మీరు కులాసానా? మీ పైన సంతకం పెట్టే పెద్దాయన కులాసానా? టైపు కొట్టే అమ్మాయికి వేళ్ళ నొప్పులేమీ లేవు కదా? గుమ్మం దగ్గర కాపలా ఉండే ఆయనకి కూర్చోడానికి కుర్చీ ఇచ్చారా? ఇక్కడ మేమంతా బాగున్నాం. బాగున్నామని రాస్తే ఏం ముంచుకొస్తుందోనని భయం, కాబట్టి ఒకమాదిరిగా ఉన్నామనుకోండి.

నా ప్రొఫైల్ పేజీ నిబంధనలకి విరుద్ధమనీ, నెలాఖరులోగా సరిచేయకపోతే ఖాళీ చేసేస్తామనీ పేజీలో నేను రాసుకున్న ఇంటి అడ్రసుకి మీ నోటీసు పోస్టులో వచ్చింది. అప్పటినుంచి ముద్ద దిగడం లేదు.

నలభై ఒక్క ఏళ్ళు కుట్టుమిషను తొక్కాను. చూపు మందగించి దుకాణం మూసేస్తే, మా మనవరాలు ఇంటర్నెట్టులో మీ ప్రశ్నలు–జవాబుల దాంట్లో నాకో పేజీ తెరిచింది. జిప్పు ఇరుక్కుపోయిందని ఒకరు, ఉతికితే చొక్కా పొట్టిదైపోయిందని ఒకరు అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను, పిల్ల టైపు చేస్తుంది. పేజీ పైన "మీ గురించి రాయండి" అని ఒక పెట్టె ఉంది. అడిగారు కదా అని రాశాను. మా దుకాణం తలుపుకి ఒక పలక వేలాడేది. "కోడలికి జ్వరం, నాలుగింటికి వస్తాను" అని రాసి వెళ్ళేదాన్ని. వచ్చినవాళ్ళు కోడలికి ఎలా ఉందని అడిగాకే చొక్కా చేతికిచ్చేవాళ్ళు. ఈ పెట్టె కూడా అలాంటిదే అనుకున్నాను. తప్పా?

ఇట్లు, భయపడుతూ,
పెద్దమ్మ

తా.క. మీ కవరు సరిగ్గా అంటించలేదు. దారిలో ఎవరైనా చదివి ఉంటే నా పరువేం కావాలి?

* * *

గౌరవనీయులైన మేడమ్ గారికి,

మీ లేఖ అందింది. కాపలాదారుకి కుర్చీ లేదు. మాకు కాపలాదారే లేడు.

ప్రొఫైల్ పేజీలో సభ్యులు తమ గురించి మాత్రమే, రెండువందల మాటలకి మించకుండా రాయవలెను. మీ పేజీలో నాలుగువేల మూడువందల మాటలున్నాయి. అందులో మీ రెండో కోడలి థైరాయిడ్, పక్కింటి గడియారాల రిపేరాయన పన్ను నొప్పి, మీ వదినగారు మీతో మాట్లాడకపోవడానికి మూడు కారణాలు ఉన్నాయి. ఇవన్నీ పరుల విషయాలు. తొలగించగలరు.

ఇట్లు,
మోడరేటర్

తా.క. నాలుగో కారణం కూడా ఉందని వదినగారు స్వయంగా కింద వ్యాఖ్య రాశారు. అదీ తొలగించగలరు.

* * *

నోటీసుల నాయనకి ఆశీస్సులు.

మీ మాట విని పేజీ ముందు కూర్చున్నాం. "కోడల్ని తియ్యవే" అన్నాను. తీసింది. "మీ వదిన మామ్మని?" అంది. "ముందు దాన్నే తియ్యాల్సింది" అన్నాను. రిపేరాయన్నీ, ఆయన పన్నునీ తీశాం. చివరికి పెట్టెలో రెండే మాటలు మిగిలాయి: మోకాళ్ళ నొప్పులు.

"ఇంతేనా నువ్వు, నానమ్మా?" అంది పిల్ల.

పెట్టె వంక చూసి హడలిపోయాను. "అందర్నీ మళ్ళీ పెట్టెయ్యవే తల్లీ" అన్నాను. పనిలో పనిగా, ఇదివరకు మర్చిపోయిన పాలాయన్ని కూడా పెట్టించాను. ఇప్పుడు నాలుగువేల ఆరువందలు.

మిగతావాళ్ళు ఏం రాసుకున్నారో చూద్దామని పదిమంది పేజీలు తెరిపించాను. ఒకాయన తనకొచ్చిన పతకాలన్నీ వరసగా వేలాడదీసుకున్నాడు. ఒకావిడ తన ముఖం బదులు పిల్లి ముఖం పెట్టింది. ఇంకొకాయన "నన్నేమీ అడగొద్దు" అని రాసుకున్నాడు. అడగొద్దనేవాడికి ప్రశ్నల ఊళ్ళో ఇల్లెందుకంట? వాళ్ళకెవరికీ రాని నోటీసు నాకే ఎందుకొచ్చింది?

ఆఖర్న మీ పేజీ తెరిచాం. కళ్ళూ ముక్కూ లేని బూడిదరంగు తలకాయ. చేరి ఆరేళ్ళయిందని ఉంది. పెట్టెలో ఒక్క అక్షరం లేదు! నాయనా, నీకెవరూ లేరా? వేళకి ఇంత వండిపెట్టే దిక్కుందా?

ఇట్లు, నిద్రపట్టని
పెద్దమ్మ

తా.క. నీ సంగతి నా పేజీలో రాయించాను. ఎవరికైనా మంచి పిల్ల తెలిస్తే చెబుతారు కదా.

* * *

మేడమ్ గారికి,

నాలుగు రోజుల్లో నాకు మూడువందల పన్నెండు సందేశాలొచ్చాయి. అందులో తొమ్మిది పెళ్ళి సంబంధాలు, ఒక కషాయం తయారుచేసే విధానం. జిప్పుల విభాగంలో ఎవరూ జిప్పుల సంగతి అడగడం లేదు. మోడరేటర్ భోంచేశాడా అని అడుగుతున్నారు. భోంచేశాను. పేజీ ఖాళీగా ఉంచుకోవడం ఏ నిబంధనకీ విరుద్ధం కాదు.

పైగా మీ పద్ధతి అందరికీ అంటుకుంది. "అడగొద్దు" అన్నాయన తన చెల్లెలి ఆపరేషన్ గురించి రెండు పేజీలు రాశారు. పిల్లి ముఖం ఆవిడ, ఆ పిల్లి పోయి ఏడాదైందని రాస్తే, నలభైమంది పలకరించారు. ఇలాగైతే ఇది ప్రశ్నల వేదిక అనిపించుకోదు. నెలాఖరున మీ పేజీ ఖాళీ చేయబడును. ఇక ఉత్తరాలు అనవసరం.

మోడరేటర్

తా.క. ఆ కషాయం రోజుకి ఎన్నిసార్లు తాగాలో అందులో లేదు.

* * *

నాయనా,

ఖాళీ చెయ్యి. మర్నాడే మళ్ళీ రాస్తాను. కుట్లు విప్పినంత మాత్రాన గుడ్డ ఎక్కడికి పోతుంది?

నేను పుట్టు భయస్థురాలిని. గాలి వీస్తే భయం, వీయకపోతే ఎందుకు వీయలేదోనని భయం. ఇది రాస్తుంటే కూడా భయమే. భయపడుతూనే రాస్తున్నాను: తియ్యను. నలభై ఒక్క ఏళ్ళు ఎవరేది కుదించమంటే అది కుదించాను. దీన్ని కుదించను.

దుకాణం మూసిన ఏడాది, ఉన్నానో పోయానో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు పొద్దున్నే పేజీలో ఏమీ రాయకపోతే, పది కొట్టేసరికి "పెద్దమ్మా, ఉన్నావా?" అని ఎనిమిదిమంది అడుగుతారు. పేజీ తీసేస్తే వాళ్ళు ఎక్కడికొచ్చి అడగాలి? వీళ్ళంతా పరులన్నావు. కోడలూ, రిపేరాయనా, ఆఖరికి ఆ వదినా, అందరూ కలిస్తేనే నేను. అచ్చంగా నా సొంతమంటూ ఉన్నవి ఈ మోకాళ్ళే. వాటి గురించి రెండువందల మాటలు రాస్తే ఎవడు చదువుతాడు?

ఇట్లు, ఎక్కడికీ కదలని
పెద్దమ్మ

తా.క. కషాయం రెండు పూటలా తాగు. పరగడుపున వద్దు, కడుపులో మంట. పైన కోపంగా రాశాను గానీ, తాగడం మాత్రం మానకు.

* * *

చెల్లెమ్మకి దీవెనలు.

అవును, దీవెనలు నేనే ఇవ్వాలి. మీ పేజీ ప్రకారం మీకు అరవై తొమ్మిది. నాకు డెబ్బై నాలుగు. మీరు "నాయనా" అన్నప్పుడల్లా దిద్దాలనుకున్నాను. నన్నలా పిలిచేవాళ్ళు పోయి చాలా ఏళ్ళైంది, దిద్దబుద్ధి కాలేదు.

ఆఫీసూ లేదు, టైపు కొట్టే అమ్మాయీ లేదు. మీరు ఉత్తరాలు రాస్తున్న చిరునామా మా ఇల్లే. ఇది జీతం లేని పని. రిటైరైన గుమాస్తాని, వంటింటి బల్ల మీద కూర్చుని నోటీసులు రాస్తాను. ఆరేళ్ళ కిందట, మా ఆవిడ పోయిన నెలలో ఇందులో చేరాను. నా గురించి రాద్దామని కూర్చుంటే ఏ వాక్యం మొదలుపెట్టినా ఆవిడే వచ్చింది. చెరిపేశాను. తర్వాత నిబంధనలు రాసే పని నాకప్పగిస్తే, "తమ గురించి మాత్రమే" అని నేనే రాశాను. అది ఇంకెవరికీ లేని ఇబ్బంది, చెల్లెమ్మా. నా ఒక్కడిదీ.

నిన్న నెలాఖరు. మీ పేజీ ముట్టుకోలేదు. ఆ నిబంధన కొట్టేశాను. మిగతా మోడరేటర్లు సంజాయిషీ అడిగారు. "ఇవ్వను, నన్ను తీసేస్తే తీసేసుకోండి" అని జవాబిచ్చి, నా పేజీలో మా ఆవిడ గురించి రాయడం మొదలుపెట్టాను. పదకొండువందల మాటలయ్యాయి, ఇంకా మా పెళ్ళి దాకా రాలేదు.

ఆవిడ కుట్టిన కోటుకి మోచేతి దగ్గర చిరుగు పడింది. ఎలా కుట్టుకోవాలో వేదికలో అడగడం నాకిష్టం లేదు. మీరు పక్కన కూర్చుని చెబితే నేనే కుట్టుకుంటాను. పదో తేదీ, ఆదివారం, పొద్దున పదిన్నరకి మీ ఇంటికి వస్తున్నాను.

ఇట్లు,
మీ అన్నయ్య