పొయ్యిలో పడని చీటీ

నాన్నా,

పుంగనూరు ప్రార్థన కూటం నుంచి రాగానే షుగర్ మాత్ర వేసుకో. సంగటి గిన్నెలో ఉంది, పప్పు వేడి చేసుకో. ఫోను మళ్లీ ఇంట్లోనే మరిచిపోయావు, అందుకే ఇంత పెద్ద సంగతి కాగితం మీద రాయాల్సి వస్తోంది.

వైవా అయిపోయింది, గెలిచాను! మన వంటింటి బల్ల దగ్గర, లాప్‌టాప్ ముందు కూర్చునే. మెదడు నిర్ణయం ఎలా తీసుకుంటుందో ఆరేళ్లు చదివిన నీ కూతురు ఇక డాక్టర్ హన్నా. "మందు రాయని డాక్టరేం డాక్టరమ్మా" అని నవ్విన సుదర్శన్ మామకు ముందు చెప్పు. యూనివర్సిటీ కాగితాల మీద సంతకాలు పెట్టడానికి బెంగళూరు బస్సెక్కుతున్నాను, ఎల్లుండి వస్తాను.

ఇప్పుడు ఒకటి ఒప్పుకోవాలి. బ్యాంకు ఉద్యోగమా, పీహెచ్‌డీనా అని ఆరేళ్ల కిందట నాతో రెండు చీట్లు రాయించావు. ప్రార్థన చేసి ఒకటి తీశావు, పీహెచ్‌డీ వచ్చింది. "దేవుడు సెప్పినాడు. ఇంకోటి సూడాల్సిన పన్లేదు, పొయ్యిలో ఏస్తాండా" అన్నావు. బతికిపోయాననుకున్నాను. రెండింటిలోనూ పీహెచ్‌డీ అనే రాశాను నాన్నా. తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ డాక్టర్ హన్నా అని పిలిచి తిట్టు.

— హన్నా

నీకు కనబడాలని ఈ కాగితం నీ బైబిల్లో పెట్టబోయాను. ఆ రెండో చీటీ అందులోనే ఉంది, మడత విప్పి. నా రాత కింద నీ రాతలో ఆ రోజు తారీఖు. పక్కనే "ఆమెన్".